ఉబ్బి తగ్గే నక్షత్రాలు, మారిన అంకెలు

పోయిన చలికాలంలో ఒక సాహిత్య పాఠశాలలో విమర్శ గురించి మాట్లాడాను. విమర్శకుడికి కొలమానాలు ఉండాలనీ, అవి అతని ఇష్టాయిష్టాలకు వెలుపల ఉండాలనీ నా వాదన. ఉపన్యాసం అయ్యాక ఎం.ఏ. తెలుగు చదువుతున్న ఒక అమ్మాయి లేచి అడిగింది: "మాస్టారూ, నక్షత్రాలు చూసేవాళ్లకే కొలమానం కుదరలేదు గదా! విశ్వం ఎంత వేగంతో విస్తరిస్తోందో చెప్పమంటే 1929లో 500 అన్నారు. తర్వాత కొందరు 50 అన్నారు, కొందరు 100 అన్నారు. ఇప్పుడు 73 అనేవాళ్లొక జట్టు, 67 అనేవాళ్లొక జట్టు. ఒక పద్యానికి పదిమంది పది అర్థాలు చెప్పడానికీ దీనికీ తేడా ఏముంది? అదీ ఒక వ్యాఖ్యానమేగా?"

సభ నవ్వింది. నేను నీళ్లు నమిలాను. శాస్త్రం తన తప్పులు తానే దిద్దుకుంటుందని అరిగిపోయిన మాట ఒకటి చెప్పి కూర్చున్నాను. ఏ తప్పు, ఎక్కడ జరిగింది, ఎవరు పట్టుకున్నారు, ఎలా దిద్దారు అని చెప్పలేనివాడికి ఆ మాట అనే హక్కు లేదు. అప్పటినుంచీ దొరికినవి చదువుతూ వచ్చాను. నేను భౌతికశాస్త్రం చదివినవాణ్ణి కాను. అయినా ఈ వ్యవహారంలో మూలసూత్రాలకు కావలసిన గణితం హైస్కూలు దాటదని తెలిసి ఆశ్చర్యపోయాను. ఈ వ్యాసం ఆ అమ్మాయికి నేను పడ్డ బాకీ.

ముందు ఆ అంకెలేమిటో చెప్పుకోవాలి. 32 లక్షల 60 వేల కాంతి సంవత్సరాల దూరాన్ని ఖగోళజ్ఞులు ఒక మెగాపార్సెక్ అంటారు. విస్తరణ రేటు 73 అంటే, ప్రతి మెగాపార్సెక్ దూరానికీ గెలాక్సీలు మన నుంచి తొలగిపోయే వేగం సెకనుకు 73 కిలోమీటర్ల చొప్పున పెరుగుతుందని అర్థం. వంద మెగాపార్సెక్కుల దూరాన ఉన్నది సెకనుకు 7,300 కిలోమీటర్ల వేగంతో దూరమవుతుంది. ఇరుగుపొరుగు గెలాక్సీలకు ఈ లెక్క వర్తించదు. వాటికి సొంత కదలికలు ఉంటాయి. పక్కనున్న ఆండ్రోమెడా గెలాక్సీ అయితే మనవైపే వస్తోంది. అన్నీ మన నుంచి తొలగిపోతున్నాయంటే మనం విశ్వానికి నడిమధ్య ఉన్నామనీ కాదు. ఏ గెలాక్సీలో నిలబడి చూసినా మిగతావి దూరమవుతున్నట్టే కనిపిస్తాయి.

కాబట్టి కొలవవలసినవి రెండు: వేగం, దూరం. వేగం సంగతి తేలిక. నక్షత్రకాంతిని వర్ణపటంగా విడదీస్తే అందులో మూలకాల ఆనవాళ్లుగా నల్లని గీతలు ఉంటాయి. దూరమయ్యేవాటిలో ఆ గీతలు ఎరుపువైపు జరుగుతాయి. ఎంత జరిగాయో చూసి వేగం చెప్పవచ్చు. దాటిపోయే రైలు కూత బొంగురుపోవడంతో దీన్ని పోలుస్తారుగాని, ఆ పోలిక కొంతవరకే నిలుస్తుంది. దూరపు గెలాక్సీల విషయంలో మధ్యనున్న అంతరాళమే సాగుతుంది, ఆ సాగుడులో కాంతి తరంగమూ సాగుతుంది. అమెరికాలో అరిజోనాలోని లోవెల్ వేధశాలలో వెస్టో స్లైఫర్ 1912 నుంచే ఇలాంటి వేగాలు కొలుస్తూ వచ్చాడు.

చిక్కంతా దూరం దగ్గరే. రాత్రి బస్సులో పోతూ కిటికీలోంచి చూస్తే చీకట్లో ఎక్కడో ఒక దీపం కనిపిస్తుంది. అది దగ్గరి గుడిసెలో బుడ్డిదీపమా, కోసెడు దూరాన రైసుమిల్లు మీద పెద్ద లైటా? కళ్లతో చూసి చెప్పలేం. అది ఎన్ని వాట్ల బల్బో తెలిస్తే చెప్పవచ్చు. రెండింతల దూరం పోతే వెలుగు నాలుగోవంతు అవుతుంది, మూడింతలు పోతే తొమ్మిదోవంతు. నక్షత్రాల మీద వాట్లు ముద్రించి ఉండవు గనక, 1912 దాకా మనిషికి సమీప తారల దూరాలు తప్ప మరేవీ నమ్మకంగా తెలియలేదు. వాట్లు చదవడం నేర్పింది ఒక స్త్రీ. ఆమెకు గంటకు 30 సెంట్లు ఇచ్చేవారు.

ఆమె పేరు హెన్రియెటా స్వాన్ లెవిట్. 1868లో మసాచుసెట్స్ రాష్ట్రంలో పుట్టింది. చదువుకున్న స్త్రీ. వినికిడి క్రమంగా పోయింది. 1895లో హార్వర్డ్ కాలేజీ వేధశాలలో జీతం లేకుండా చేరింది. మధ్యలో వెళ్లిపోయి, 1902లో తిరిగి వచ్చినప్పుడు గంటకు 30 సెంట్లకు పని దొరికింది. తక్కిన ఆడవాళ్లకు సాధారణంగా ఇచ్చేది 25 సెంట్లే. వాళ్లను "కంప్యూటర్లు" అనేవారు. యంత్రాలకు ఆ పేరు రాకముందు అది లెక్కలు చేసే మనుషుల పేరు. వేధశాల డైరెక్టర్ ఎడ్వర్డ్ పికరింగ్ అలాంటి స్త్రీలను డజన్ల కొద్దీ పనిలో పెట్టుకున్నాడు. వాళ్లలో ముందుతరం మనిషి విలియమినా ఫ్లెమింగ్ ఆయన ఇంట్లో పనిమనిషిగా ఉండి వచ్చింది. ఓర్పుగల చేతులు చవకగా దొరికాయి. రాత్రిళ్లు దుర్భిణి దగ్గర నిలబడే పని మాత్రం వాళ్లది కాదు.

పని ఇలా ఉండేది. దక్షిణార్ధగోళపు ఆకాశాన్ని పెరూ దేశంలోని అరెక్విపాలో ఫొటోలు తీసి, గాజుపలకలను ఓడల మీద హార్వర్డ్‌కు పంపేవారు. ఆ పలకల మీద ఆకాశం తెల్లగా, నక్షత్రాలు నల్లని చుక్కలుగా ఉంటాయి. ఎంత వెలుగు ఉంటే అంత పెద్ద చుక్క. ఒకే చోటును వేరువేరు రోజుల్లో తీసిన పలకలను ఒకదాని మీద ఒకటి పెట్టి, భూతద్దంతో చుక్క చుక్కనూ పోల్చి, ఏది పెరిగిందో, ఏది తగ్గిందో నోటుపుస్తకంలో రాయాలి. బియ్యంలో రాళ్లేరినట్టు అనబోయి ఆగాను. రాళ్లేరడం ఒక పూటతో ముగుస్తుంది. లెవిట్ ఏళ్లతరబడి ఏరింది.

ఆమె ముందుంచుకున్న పలకల్లో మెగలానిక్ మేఘాలు ఉన్నాయి. దక్షిణాకాశంలో మబ్బుతునకల్లా కనిపించే రెండు చిన్న గెలాక్సీలు అవి. చిన్న మేఘం మన తెలుగునేల మీద నుంచి కనిపించదనే చెప్పాలి. 1908లో ఆ మేఘాల్లో వెలుగు మారే తారలు 1,777 ఉన్నాయని లెవిట్ ప్రకటించింది. వాటిలో పదహారింటికి ఎన్నాళ్లకొకసారి వెలుగు పెరిగి తగ్గుతుందో లెక్కకట్టగలిగింది. ఎక్కువ వెలిగేవాటికి ఎక్కువ కాలం పడుతోందని ఒక వాక్యం రాసి వదిలింది. 1912 నాటికి ఆ పదహారు ఇరవై అయిదయ్యాయి. రోజుంపావు ఆవర్తనం ఉన్న తార నుంచి 127 రోజుల తార వరకు అన్నీ ఒకే వరసలో నిలిచాయి. ఆ మూడు పేజీల ప్రకటన పికరింగ్ సంతకంతో వెలువడింది. దాన్ని సిద్ధం చేసింది మిస్ లెవిట్ అని మొదటి వాక్యంలో ఉంది.

ఇందులో గొప్ప ఏమిటి? దూరాన గుట్ట మీద ఒక ఊరు ఉందనుకోండి. ఆ ఊరి దీపాలన్నీ మనకు దాదాపు సమాన దూరంలో ఉన్నట్టే. అక్కడ ఎక్కువ వెలుగుతున్నట్టు కనిపించేది నిజంగానే ఎక్కువ వెలిగే దీపం. అలాగే చిన్న మేఘంలోని తారలన్నీ మనకు సమాన దూరంలో ఉన్నట్టే గనక, కనిపించే కాంతిలోని వరస అసలు కాంతిలోని వరసే. అంటే ఒక తార ఎన్ని రోజులకొకసారి పెరిగి తగ్గుతుందో చూస్తే చాలు, దాని వాట్లు తెలుస్తాయి. గడియారం చూసి బల్బు చదవడం. కావలసిందల్లా ఈ జాతి తార ఒక్కదానికైనా దూరం వేరే పద్ధతిలో తెలియడం. అక్కడి నుంచి మిగతావన్నీ వస్తాయి.

ఆ పనిలో ముందుకు పోవడానికి లెవిట్‌కు అవకాశం ఇవ్వలేదు. పికరింగ్ ఆమెను ధ్రువతార చుట్టూ ఉన్న తొంభై ఆరు నక్షత్రాల కాంతిని ప్రమాణీకరించే పనికి మళ్లించాడు. అదీ అవసరమైన పనే, ఆమె దాన్ని శ్రద్ధగా చేసింది. కానీ ఏ ప్రశ్న వెంట పోవాలో నిర్ణయించే హక్కు ఆ ప్రశ్నను కనిపెట్టిన మనిషికి లేకపోయింది. అదే వేధశాలలో తర్వాత పనిచేసిన ప్రముఖ శాస్త్రవేత్త సెసీలియా పేన్ గాపోష్కిన్ తన ఆత్మకథలో ఈ నిర్ణయాన్ని గట్టిగా ఆక్షేపించింది. లెవిట్ 1921 డిసెంబరులో కాన్సరుతో చనిపోయింది. 1925లో స్వీడన్ గణితజ్ఞుడు మిట్టాగ్ లెఫ్లర్, ఆమె పేరును నోబెల్ బహుమతికి ప్రతిపాదించాలనుకుంటున్నానని ఆమెకే ఉత్తరం రాశాడు. ఆమె పోయి మూడేళ్లు దాటిందని ఆయనకు తెలియదు.

ఈ తారల జాతికి సెఫీడ్లని పేరు. సెఫియస్ రాశిలోని డెల్టా తార మూలంగా వచ్చిన పేరు అది. దాని వెలుగు మారుతుందని 1784లో గుర్తించినవాడు జాన్ గుడ్రిక్. అతనికీ వినపడదు. ఇరవై ఒకటో ఏటనే పోయాడు. వినపడని ఇద్దరు మనుషులు ఈ కథకు చెరో వైపున ఉండటం కేవలం యాదృచ్ఛికం, దాన్నుంచి ఏమీ లాగనక్కరలేదు. ఆ తార మనకు మామూలు కంటికే కనిపిస్తుంది. అయిదు రోజుల తొమ్మిది గంటలకు కాస్త తక్కువలో ఒక ఆవృత్తి పూర్తిచేస్తుంది. త్వరగా పెరిగి, నెమ్మదిగా తగ్గుతుంది. పిల్లల పాటల్లోని మినుకుమినుకు వేరు, అది మన గాలి చేసే పని. సెఫీడ్ నిజంగానే ఉబ్బి తగ్గుతుంది.

ఎందుకు ఉబ్బుతుంది? అన్నం గిన్నె మీద మూత చూడండి. ఆవిరి కూడుకుంటే మూత లేస్తుంది, ఆవిరి పోతుంది, మూత పడుతుంది, మళ్లీ కూడుకుంటుంది. నక్షత్రంలో మూత పని హీలియం పొర చేస్తుంది. పొర నొక్కుకుపోయి వేడెక్కినప్పుడు హీలియం పరమాణువులు మిగిలిన ఎలక్ట్రాన్లను కూడా పోగొట్టుకుంటాయి. అప్పుడు ఆ పొర లోపలి కాంతిని బయటికి పోనివ్వదు. వేడి కూడుకుని పొరను పైకి నెడుతుంది. ఉబ్బిన కొద్దీ చల్లబడుతుంది, హీలియం మళ్లీ ఎలక్ట్రాన్లను పట్టుకుంటుంది, పొర పారదర్శకమవుతుంది, వేడి బయటపడుతుంది, పొర కిందికి పడుతుంది. ఇలాంటి కవాటం ఏదో ఉండాలని ఇంగ్లండులో ఎడింగ్టన్ ఊహించాడు. ఆ కవాటం హీలియమేనని 1950లలో లెక్కకట్టి చూపినవాడు సోవియట్ శాస్త్రవేత్త సెర్గేయ్ జెవాకిన్. పెద్ద నక్షత్రం ఎక్కువ వెలుగుతుంది, ఉబ్బి తగ్గడానికి దానికి ఎక్కువ సమయమూ పడుతుంది. లెవిట్ చూసిన వరసకు కారణం ఇదే.

ఇక్కడ నా సొంత తప్పు ఒకటి ఒప్పుకోవాలి. చాలా ఏళ్ల కిందట ఒక మిత్రుడు పోయినప్పుడు రాసిన కవితలో అతన్ని ధ్రువతారలా చలించనివాడని అన్నాను. ధ్రువతార సెఫీడే. మనకు అందరికంటే దగ్గరి సెఫీడ్ అదే. సుమారు నాలుగు రోజులకొకసారి ఉబ్బి తగ్గుతూనే ఉంది. మార్పు చిన్నది గనక కంటికి తెలియదు. ఆ మిత్రుడు కూడా చలించని మనిషి కాడు. పక్కింటివాళ్ల కష్టానికి కళ్లనీళ్లు పెట్టుకునేవాడు. ఆ పోలిక నక్షత్రానికీ సరిపోలేదు, మనిషికీ సరిపోలేదు. "అనంతం" అనే మాట సంగతీ అంతే. మనం దాన్ని ఖాళీ పూరించడానికి వాడతాం. ఆ ఖాళీలో ఎన్ని కాంతి సంవత్సరాలున్నాయో కొలవడానికి కొందరు కళ్లు పోగొట్టుకున్నారు.

సరే, కథలోకి వస్తాను. 1920లో వాషింగ్టన్‌లో ఒక పెద్ద చర్చ జరిగింది. ఆండ్రోమెడాలాంటి సుడితిరిగిన మబ్బులు మన పాలపుంతలోవేనని హార్లో షాప్లే, అవి వేరే పాలపుంతలని హీబర్ కర్టిస్ వాదించారు. ఎవరూ నెగ్గలేదు. ఎవరి దగ్గరా దూరం లేదు. ఇది అచ్చంగా పదిమంది పది అర్థాలు చెప్పే దశ. 1923 అక్టోబరు మొదటివారంలో మౌంట్ విల్సన్ మీద నూరంగుళాల దుర్భిణితో ఎడ్విన్ హబుల్ ఆండ్రోమెడాను ఫొటో తీశాడు. పలక మీద ఒక చుక్కను చూసి కొత్తగా పేలిన తార అనుకుని గుర్తు పెట్టాడు. పాత పలకలతో పోల్చాక ఆ గుర్తు కొట్టేసి "చరతార" అనే అర్థం వచ్చే మూడక్షరాలు రాసి పక్కన ఆశ్చర్యార్థకం పెట్టాడు. దాని ఆవర్తనం 31 రోజుల పైచిలుకు. లెవిట్ వరస ప్రకారం వాట్లు కడితే దూరం తొమ్మిది లక్షల కాంతి సంవత్సరాలు వచ్చింది. పాలపుంత ఎంత పెద్దదనుకున్నా అంత దూరం దానిలో పట్టదు. 1925 జనవరి 1న ఈ ఫలితాన్ని శాస్త్రవేత్తల సభలో చదివారు. చర్చ అక్కడితో ముగిసింది. చూడండి, తొమ్మిది లక్షలన్నది తప్పు. ఈనాటి లెక్క 25 లక్షలు. అంకె తప్పయినా, ఆ అంకె తేల్చిన ప్రశ్న తేలిపోయింది.

1927లో బెల్జియంలో లమెత్ర్ అనే మతాచార్యుడు, గణితజ్ఞుడు కూడా, విస్తరించే విశ్వాన్ని సమీకరణాల్లో రాబట్టి రేటు 625 దాకా లెక్కకట్టాడు. ఫ్రెంచిలో, అంతగా ఎవరూ చదవని పత్రికలో వేశాడు. 1931లో దాని ఇంగ్లీషు అనువాదంలో ఆ లెక్క ఉన్న భాగాలు లేవు. ఎవరో కుట్ర చేశారని చాలాకాలం అనుమానాలు నడిచాయి. అనువదించి, అవసరం లేదని తొలగించినవాడు లమెత్రేనని 2011లో పాత ఉత్తరాల వల్ల తేలింది. అనువాదాల మీద పరిశోధన చేసే విద్యార్థులకు ఇది మంచి పాఠం.

1929లో హబుల్ 24 గెలాక్సీల దూరాలనూ వేగాలనూ గీత మీద పెట్టి రేటు 500 అన్నాడు. ఆ తర్వాతి ఏళ్లలో దూరపు గెలాక్సీల వర్ణపటాలు తీసిన మిల్టన్ హ్యూమసన్ ఎనిమిదో తరగతి దాటనివాడు. వేధశాల కడుతున్నప్పుడు కంచరగాడిదల మీద సామాన్లు కొండకు తోలేవాడు. తర్వాత అక్కడే ఊడ్చే పనికి కుదిరాడు. ఒక్కో పలక మీద రాత్రుల తరబడి చలిలో కాంతిని పట్టినవాడు అతను.

500 అంటే చిక్కు వచ్చింది. ఆ రేటున వెనక్కి లెక్కకడితే విశ్వం వయసు సుమారు 200 కోట్ల ఏళ్లు. భూమి మీద రాళ్ల వయసు అంతకు మించి ఉందని రేడియోధార్మికత చెబుతోంది. తల్లి కంటే బిడ్డ పెద్దది కావడం కుదరదు. ఎక్కడో తప్పుంది.

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకు వస్తున్నాను. తప్పు ఎక్కడుందో దానికి చిరునామా దొరికింది. వాల్టర్ బాడే జర్మనీ నుంచి వచ్చి మౌంట్ విల్సన్‌లో పనిచేస్తున్నాడు. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా దిగాక అతను శత్రుదేశపు పౌరుడయ్యాడు. తోటివాళ్లంతా యుద్ధం పనులకు పోయారు, ఇతన్ని రానివ్వలేదు. దుర్భిణి అతని చేతికి చిక్కింది. విమానదాడుల భయంతో లాస్ ఏంజిలస్ దీపాలు తగ్గించడం వల్ల ఆకాశం నల్లబడింది. ఆ చీకట్లో ఆండ్రోమెడా నడిమి భాగంలోని తారలను విడివిడిగా ఫొటో తీసి, నక్షత్రాలలో రెండు తరాలున్నాయని 1944లో చూపించాడు. 1952లో రోమ్ సభలో అసలు సంగతి చెప్పాడు: సెఫీడ్లూ రెండు రకాలే. ముసలి తరం సెఫీడ్లు మందంగా వెలుగుతాయి. హబుల్ ఆండ్రోమెడాలో చూసినవి పడుచు తరానివి, వాటి కాంతి అనుకున్నదానికి దాదాపు నాలుగింతలు. పాలపుంతలోని ధూళి కొంత కాంతిని మింగుతుందని మొదట కొలతబద్ద కట్టినవాళ్లకు తెలియకపోవడం కూడా ఈ తప్పుకు తోడయింది. కాంతి నాలుగింతలయితే దూరం రెండింతలు, రేటు సగం. అదే సభలో దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన డేవిడ్ థాకరే, మెగలానిక్ మేఘాల్లో మరో జాతి తారలను చూసి స్వతంత్రంగా ఇదే నిర్ణయానికి వచ్చానన్నాడు.

తర్వాత ఆలన్ శాండేజ్ ఇంకో తప్పు పట్టాడు. దూరపు గెలాక్సీల్లో హబుల్ మెరిసే తారలనుకున్నవాటిలో కొన్ని వెలిగే వాయుమేఘాలు. 1958లో శాండేజ్ లెక్క 75. ఒక్కో తప్పుకూ ఒక్కో కారణం, ఒక్కో కారణానికీ ఒక్కో పరిమాణం. 500ను దించింది ఎవరి అభిరుచీ కాదు.

తర్వాతి ముప్ఫై ఏళ్ల మీద నాకు అంత గౌరవం లేదు. శాండేజ్, గుస్తావ్ తమ్మన్ 50 అన్నారు. జెరార్ ద వోకులూర్ 100 అన్నాడు. ఎవరి అంకెకు వాళ్లు చాలా చిన్న పొరపాటు అంచనాలు కట్టుకున్నారు, రెండింటి మధ్యా సందు కూడా లేకుండా. ఇక్కడ ఆ అమ్మాయి మాటలో కొంత నిజం ఉంది. పెద్దల పేర్లూ, పంతాలూ కొలతలోకి వచ్చాయి. దాన్ని తేల్చింది రాజీ కాదు. 1990లో అంతరిక్షంలోకి వెళ్లి, 1993లో కంటి లోపం సరిచేయించుకున్న హబుల్ టెలిస్కోపు, గాలి అడ్డం లేకుండా దూరపు గెలాక్సీల్లో సెఫీడ్లను విడివిడిగా చూసింది. 2001లో వెండీ ఫ్రీడ్‌మన్ బృందం 72 అని, పొరపాటు 8 అటూ ఇటూ ఉండవచ్చని చెప్పింది. సగటు లాంటి అంకె వచ్చిందని మధ్యేమార్గమే సత్యమనుకోకూడదు. రెండు పక్షాలవాళ్లూ తప్పయ్యారు, అంతే.

దూరానికి సెఫీడ్లు ఒక్కటే దారి కాదు. హైదరాబాదు పేరు ఈ చరిత్రను ఒకచోట తాకుతుంది. నిజామియా వేధశాలలో పనిచేసిన తండ్రి దగ్గర హైదరాబాదులో పెరిగి, నిజాం కాలేజీలో చదివిన వైను బప్పు 1949లో హార్వర్డ్‌కు వెళ్లారు. లెవిట్ కూర్చున్న వేధశాల అదే. 1957లో ఓలిన్ విల్సన్‌తో కలిసి, చల్లని నక్షత్రాల వర్ణపటంలో కాల్షియం గీత నడుమ కనిపించే సన్నని వెలుగుచార వెడల్పును బట్టి ఆ తార అసలు కాంతి చెప్పవచ్చని చూపించారు. మన పాలపుంతలోని తారలకు పనికివచ్చే కొలబద్ద అది. ఇదీ వాట్లు చదవడమే, మరో రకంగా.

ఈనాటి నిచ్చెన ఇలా ఉంది. మొదటి మెట్టు జ్యామితి. బొటనవేలు ఎదురుగా పెట్టి ఒక కన్ను, తర్వాత ఇంకో కన్ను మూస్తే వేలు జరిగినట్టు కనిపిస్తుంది. భూమి సూర్యుడికి ఈ వైపున ఉన్నప్పుడూ ఆ వైపున ఉన్నప్పుడూ చూస్తే దగ్గరి తారలు అలాగే జరుగుతాయి. 2013లో వెళ్లి 2025లో పని ముగించిన గయా ఉపగ్రహం ఈ జరుగుడును ఎన్నడూ లేనంత సూక్ష్మంగా కొలిచింది. అలా సెఫీడ్ల వాట్లు స్థిరపడతాయి. రెండో మెట్టు దూరపు గెలాక్సీల్లోని సెఫీడ్లు. మూడో మెట్టు, అవే గెలాక్సీల్లో పేలిన ఒక రకం సూపర్నోవాలు. ఈ సూపర్నోవాలు సెఫీడ్ల కంటే ఎన్నో రెట్లు వెలుగుతాయి గనక ఇంకా దూరానికి తీసుకుపోతాయి. ఆడం రీస్ బృందం 2022లో 37 గెలాక్సీల్లోని 42 సూపర్నోవాలను సెఫీడ్లతో సరిచూసి 73.04 అంది. పొరపాటు 1.04.

రెండో జట్టు నిచ్చెన ఎక్కదు. విశ్వం పుట్టిన సుమారు 3 లక్షల 80 వేల ఏళ్లకు బయల్దేరిన తొలి వెలుగును ప్లాంక్ ఉపగ్రహం కొలిచింది. ఆ వెలుగులోని హెచ్చుతగ్గుల నుంచి, విశ్వంలో ఏమేమి ఎంతెంత ఉందో చెప్పే ఒక నమూనా సాయంతో, ఇవాళ్టి రేటు ఎంత ఉండాలో లెక్కకట్టారు. 2018 ఫలితం 67.4, పొరపాటు 0.5. నారుమడి చూసి దిగుబడి అంచనా కట్టేవాడొకడు, నూర్పిళ్లయ్యాక కాటా వేసేవాడొకడు. ఇద్దరి అంకెలూ కలవకపోతే కాటా తప్పయినా కావాలి, మధ్యలో పైరుకు మనకు తెలియనిదేదో జరిగైనా ఉండాలి. 50, 100 అని కొట్టుకున్న రోజులకూ ఇప్పటికీ తేడా ఇది: అప్పటి తేడా రెండింతలు, ఇప్పటి తేడా నూటికి ఎనిమిది. ఆ ఎనిమిది ఇరుపక్షాలు చెప్పుకున్న పొరపాట్ల కంటే చాలా పెద్దది కాబట్టే ఇంత గొడవ.

కాటాను అనుమానించినవాళ్లు చెప్పిన కారణం సమంజసమైనదే. దూరపు గెలాక్సీల్లో సెఫీడ్ పక్కనే వేరే తారలు కిక్కిరిసి ఉంటాయి, వాటి వెలుగు సెఫీడ్ వెలుగులో కలిసి లెక్క చెడుతుందేమో. 2021 చివర్లో వెళ్లిన జేమ్స్ వెబ్ టెలిస్కోపు ఆ గుంపును విడదీసి చూడగలదు. వెయ్యికి పైగా సెఫీడ్లను దానితో మళ్లీ చూసి, కిక్కిరిసినందువల్ల వచ్చే పొరపాటు ఈ తేడాకు కారణం కాదని 2024లో రీస్ బృందం చెప్పింది. అదే టెలిస్కోపుతో వెండీ ఫ్రీడ్‌మన్ బృందం సెఫీడ్లతోపాటు మరో రెండు జాతుల తారలను వాడి 70 దగ్గరకు వచ్చింది. అది నిలిస్తే గొడవ చాలావరకు సద్దుమణుగుతుంది. ఎంచుకున్న గెలాక్సీలు తక్కువ కావడం వల్ల అలా వచ్చిందని రీస్ పక్షం అంటోంది. ఇరుపక్షాల సెఫీడ్లూ, వాటి ఆవర్తనాలూ, కాంతి కొలతలూ అచ్చులో ఉన్నాయి. తారల వెలుగును రోజులతో ముడిపెట్టే ఆ గీతకు ఇప్పుడు చాలామంది లెవిట్ నియమం అని పేరు పెట్టి పిలుస్తున్నారు. లెవిట్ చూసిన గాజుపలకలు ఇంకా హార్వర్డ్‌లోనే ఉన్నాయి, కొన్నింటి గాజు మీద సిరాతో పెట్టిన గుర్తులతో సహా.